ఆ పుస్తకం ఎవరిచ్చారు?

"ఈ పుస్తకం ఆమెకి ఎవరిచ్చారు?"

ఇంటి ఓనరు దాన్ని బల్ల మీద పడేసిన చప్పుడుకి లెక్కల మాస్టారి కళ్ళజోడు ముక్కు మీంచి జారింది. వెయిటింగ్ రూములో ఉన్నవాళ్ళందరూ నోళ్ళు మూసుకున్నారు. మామూలు రోజుల్లో ఆ గదికొచ్చినవాళ్ళ నోళ్ళు తెరిపించడమే పళ్ళ డాక్టరమ్మ పని. ఆదివారం క్లినిక్‌కి సెలవు కనక, పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్ళు మధ్యాహ్నం అక్కడ చేరతారు. తలా ఒక ఇష్టమైన పుస్తకం గురించి చెబుతారు. నచ్చితే మిగతావాళ్ళు తమ జాబితాల్లో రాసుకుంటారు. అంతకు మించి అక్కడ జరిగే ఘోరం ఏమీ లేదు.

ఓనరు వెనకాలే వాళ్ళమ్మ కూడా వచ్చి గోడవార కుర్చీలో కూలబడింది. ఆవిడ పళ్ళ సెట్టు ఇంకా డాక్టరమ్మ దగ్గరే తయారవుతోంది. బోసినోటితో పెదాలు లోపలికి పోయి, మొహం మరీ కటువుగా ఉంది.

"అసలేం జరిగింది సార్?" అంది డాక్టరమ్మ.

"నా భార్య వెళ్ళిపోయింది. ఎక్కడో వేరే ఊళ్ళో ఉద్యోగంలో చేరిందట. ఇక రానని ఫోన్లో చెప్పేసింది. ఇది ఆమె దిండు కింద దొరికింది. ఈ కథలో ఆవిడా అంతేగా? మొగుడు ఉద్యోగం మాన్పించాడని సంచీ సర్దుకుని పోతుంది!"

డాక్టరమ్మ ఆ పుస్తకాన్ని గుర్తుపట్టింది. పోయిన నెల ఆ పుస్తకం పేరెత్తింది మాస్టారే. ఆయన కథ చెబుతుంటే పై ఇంటి కోడలు, అంటే ఈ ఓనరు భార్య, రెప్ప వేయకుండా విన్నది. ఎక్కడ దొరుకుతుందని పదే పదే అడిగింది. ఎప్పుడో నా చిన్నప్పుడు అచ్చయిందమ్మా, ఇప్పుడెక్కడా దొరకదు అన్నారాయన.

ఆ రోజు కూడా అత్తగారు కిటికీ బయట మెట్ల మీద బఠానీలు ఒలుచుకుంటూ కూర్చునే ఉంది. కోడలు ఈ గదికి వచ్చిన ప్రతి ఆదివారం ఆవిడ అక్కడే. ఒలవడానికి ఏదో ఒకటి ఉండేది. కోడలికి కాపలా అని ఇక్కడికొచ్చే బ్యాంకు ఆవిడ నవ్వేది, ఆవిడకి డిటెక్టివ్ అని పేరు పెట్టింది కూడా. ఆ డిటెక్టివ్ చెవిన పడకుండా వీళ్ళు గొంతు తగ్గిస్తే, ఆవిడ ఒక మెట్టు కిందికి దిగి కూర్చునేది.

"ఈ మడతలు చూశారా?" ఓనరు పుస్తకం తెరిచాడు. కాగితాలు పసుపుబారాయి. లైబ్రరీ ముద్ర ఎక్కడా లేదు. కొన్ని పేజీల మూలలు మాత్రం మడత మీద మడతగా మడిచి ఉన్నాయి. "నా భార్య మడవదు, హెయిర్‌పిన్ను పెట్టుకుంటుంది. ఉద్యోగం వెతుక్కునే చోటు, సంచీ సర్దుకునే చోటు, అన్నీ మడిచి మరీ ఇచ్చారు. మా ఇంట్లో ఇంకెవరికీ పుస్తకం పట్టే అలవాటు లేదు. ఇచ్చింది మీలోనే ఒకరు."

"మా దగ్గర ఎవరూ పేజీలు మడవరండీ," అంది డాక్టరమ్మ.

అది నిజం. మడిచినవాళ్ళకి మత్తివ్వకుండా పన్ను పీకుతానని ఆవిడ మొదటి రోజే బెదిరించి, పాత అపాయింట్‌మెంట్ కార్డులు కత్తిరించి అందరికీ గుర్తులుగా పంచింది.

"నేనేం తక్కువ చేశానండీ ఆమెకి?" అన్నాడు ఓనరు. "తిండికా, బట్టకా? గుమ్మం దాటే అవసరం లేకుండా చూసుకున్నాను."

అవసరం కాదు, అవకాశం అని సరిదిద్దే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అతను కళ్ళు తుడుచుకున్నాడు. అతన్ని చూస్తే డాక్టరమ్మకి జాలీ వేసింది, ఒళ్ళూ మండింది.

"పేరు చెప్పండి. లేదంటే వచ్చే నెలకల్లా క్లినిక్ ఖాళీ చేయండి."

డాక్టరమ్మ చూపు లోపలి గదిలోని కుర్చీ మీదికి పోయింది. ఇన్నేళ్ళూ ఒక్కొక్కటే కొనుక్కున్న సామాను, ఈ వీధిలో తననే నమ్ముకున్న పేషెంట్లు. మాస్టారి వైపు చూసింది. ఆయన కళ్ళజోడు తీసి తుడిచిందే తుడుస్తున్నారు. దొరకదంటూనే ఎక్కణ్ణించో వెతికి తెచ్చి ఇచ్చి ఉంటాడు పెద్దాయన. ఈ వయసులో ఈ మనిషితో మాటలు పడగలడా?

మాస్టారు నోరు తెరవబోయారు.

"నేనే ఇచ్చాను," అంది డాక్టరమ్మ.

ముసలావిడ తలెత్తి ఆమెని అదే పనిగా చూసింది.

"విన్నావా అమ్మా? రేపే ఖాళీ చేయిస్తాను!"

"ఖాళీ మాటెత్తకు," అందావిడ. "ఇల్లు నా పేరున ఉంది. నా పళ్ళ సెట్టు సగంలో ఉంది. ఈవిడ ఎక్కడికీ కదలదు."

"ఇల్లు కూలిపోతుంటే నీకు పళ్ళ గోలేంటమ్మా?"

"నమిలేది నేను కదరా. పద, నా మోకాళ్ళు పట్టేశాయి, మెల్లగా వస్తాను."

అతను దబదబా మెట్లెక్కి పోయాడు. ముసలావిడ బల్ల మీదున్న ఎవరిదో కొత్త పుస్తకం అందుకుని విసురుకోవడం మొదలుపెట్టింది.

మాస్టారు డాక్టరమ్మని పక్కకి లాగారు. "ఆ నింద ఎందుకమ్మా నెత్తినేసుకున్నావు?" అన్నారు గుసగుసగా.

"మీ కోసమే."

"నేను ఇవ్వలేదు! నా దగ్గర ఉంటేగా? అదే చెప్పబోయాను."

డాక్టరమ్మ ఒక్కొక్కరి మొహంలోకీ చూసింది. బ్యాంకు ఆవిడ అడ్డంగా తలూపింది. మిగతావాళ్ళూ అంతే. పళ్ళ సెట్టు ఇచ్చేశాక తన గతేమిటో, ఎవరి కోసం ఇదంతా నెత్తిన వేసుకుందో అర్థం కాక ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది.

"అమ్మా!" పైనుంచి కేక.

"వస్తున్నా."

డాక్టరమ్మ అటు తిరిగింది. ఆవిడ విసురుకోవడం ఎప్పుడు ఆపిందో ఎవరూ చూడలేదు. పుస్తకం ఒళ్ళో తెరిచి ఉంది.

లేచేముందు ఆవిడ పేజీ మూలని మడత మీద మడత పెట్టింది.