దసరా బొట్లు

"అమ్మా, నా పుస్తకానికి ఏం జేసినవే?"

నిహారిక కేకకు, దుకాణానికి బయల్దేరిన తండ్రి ఎల్లస్వామి గడపలోనే ఆగిపోయాడు.

"దసరా పూజల వెట్టిన," అంది తల్లి పుష్పమ్మ తాపీగా పల్లికాయ ఒలుస్తూ. "ట్రాక్టరుకు వెట్టి, కొడవలికి వెట్టి, పైలట్ బుక్కుకు వెట్టకుంటె ఎట్ల?"

అది పైలట్ పరీక్షలో వాతావరణం పేపరు ప్రశ్నల పుస్తకం. సరైన జవాబు పక్కన నిహారిక ఎర్ర పెన్నుతో చుక్క పెట్టుకుంది. ఇప్పుడు ఏ పేజీ తిప్పినా ప్రతి ప్రశ్న కింది నాలుగు జవాబులకూ నాలుగు నిండు కుంకుమ బొట్లు; తను పెట్టిన చుక్క ఏదో తెలియడం లేదు.

"నాలుగుంటె ఒక్కదానికే బొట్టు వెడ్తరా బిడ్డా? మిగిలినయి ఏం పాపం జేసినయి?"

నిహారికకు ఏడుపొక్కటే తక్కువ. వారంలో పరీక్ష. జవాబులున్న పుస్తకం హైదరాబాదు హాస్టల్లో ఉంది, దసరా సెలవులకు హాస్టలు తాళం. చుక్కలు చూసి బట్టీ పట్టి ఇప్పటికే రెండుసార్లు తప్పింది. పరీక్షలో జవాబుల వరస మారితే చాలు, తెల్లమొహం వేసేది. మిగతా మూడూ ఎందుకు తప్పో చదవమని కోచింగ్ సారు రామచంద్రం ఎంత మొత్తుకున్నా చెవిన పెట్టలేదు.

"గీసారి తప్పితే కొత్తకోటల మన దుకాణంల కూసొని యూరియా సంచులు అమ్ముదువు గని," అన్నాడు ఎల్లస్వామి చెప్పులేసుకుంటూ. ఆయన ఉత్త మాట అనే మనిషి కాదు.

గత్యంతరం లేక నిహారిక పాఠాల పుస్తకం తెరిచి, ఒక్కో ప్రశ్నతో కుస్తీ పట్టింది. అది చాలదన్నట్టు పుష్పమ్మ ఎదురుగా కూర్చుని ప్రాణం తీసేది.

"పొద్దుగాల మంచు ఎందుకు గమ్ముతది?"

"మబ్బు లేని రాత్రి నేల సల్లవడ్తది. దాని మీది గాలి గూడ సల్లవడి, తేమ సన్న నీటి బొట్లయితది."

"మరి గీ మూడు ఎందుకు గావు?"

"అబ్బ, నీకెందుకే?" అని విసుక్కుంటూనే మూడూ విడమరిచి చెప్పేది.

ఈసారి పాసైంది. ఆ సంతోషంలో నిహారిక కుంకుమ భరిణెకు దండం పెట్టుకుంది. మర్నాడు హైదరాబాదుకు వెళ్లి తర్వాతి పేపరు నేవిగేషన్ ప్రశ్నల పుస్తకం, దానికో కొత్త ఎర్ర పెన్ను తెచ్చి బల్ల మీద పెట్టి, స్నానానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి వంటింట్లో అమ్మ ఫోన్లో గుసగుసలాడుతోంది.

"రామచంద్రం సారూ, మీరు జెప్పిన బొట్ల ఉపాయం మంచిగ పారింది. గని పిల్ల మళ్లొక బుక్కు, ఎర్ర పెన్ను తెచ్చింది. దసరా అయిపాయె. గీసారి ఏ పండుగ పేరు జెప్పమంటరు?"