ఆపే మాట

రాఘవ రోడ్డు మధ్యకు వచ్చి రెండు చేతులూ ఎత్తాడు. లారీ వేగం తగ్గింది. డ్రైవర్ తల బయటపెట్టి చూశాడు. చూసి, గేరు మార్చి, రాఘవ పక్కనుంచి దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయాడు.

అంతకుముందు వచ్చిన కారు కూడా అంతే చేసింది.

ఉదయగిరి నుంచి ఆత్మకూరు వెళ్లే దారిలో, కొండ పక్క మలుపు అది. పొద్దు వాలుతోంది. కల్వర్టు కింద రాళ్లలో అతని భార్య శిల్ప పడి ఉంది. ఆమె కాలి మీద పడ్డ మోటార్ సైకిల్‌ని ఎలాగో పక్కకు తోశాడు గానీ, ఆమెను ఎత్తుకుని గట్టెక్కడం ఒక్కడి వల్ల కాలేదు. మధ్యాహ్నం ఉదయగిరిలో తనకు కప్పిన శాలువాతోనే ఆమె తొడకు కట్టు కట్టాడు. అయినా నెత్తురు ఆగడం లేదు. ఫోన్లకు అక్కడ సిగ్నల్ లేదు. దగ్గర్లో ఊరు లేదు. ఎవరో ఒకరు బండి ఆపాలి. ఆపితే శిల్ప బతుకుతుంది.

"ఏమండీ, ఎవురన్నా వస్తుండారా?" కిందనుంచి శిల్ప అడిగింది.

"వస్తుండారు. మాట్లాడతా ఉండు, నిద్రపోబాక."

ఆపడం రాఘవకు చేతకాని పనేం కాదు. ఆ మాటకొస్తే అతని వృత్తే అది. పేపర్లో ఆదివారం పేజీకి ఫీచర్లు రాస్తాడు. నెల్లూరులో ఆ పేజీ చూసే సురేంద్రబాబు మొదట్లోనే చెప్పాడు.

"వార్తయితే ఎట్ట రాసినా చదువుతారురా. ఫీచర్ చదవాల్సిన ఖర్మ ఎవడికీ లేదు. పేజీ తిప్పబోయే చేతిని నువ్వే పట్టుకోని ఆపాల. లెక్కలు, వివరాలు తర్వాత. ముందర ఒక మనిషిని తెచ్చి నిలబెట్టు. ఏ ఊరో ఏ దారో పేరుతో సహా చెప్పు. ఆ మనిషి నోట్లో ఒక్క మాట పెట్టు. పేపరు మడిచి పారేసినా ఆ మాట చదివినోడి వెంబడే పోవాల."

ఆ విద్య రాఘవకు బాగానే వంటబట్టింది. పోయిన ఆదివారం రాసిందైతే జిల్లా అంతా చదివింది. పేపరు కొననివాళ్లకు కూడా వాట్సాప్‌లో చేరింది. అందుకే ఈ రోజు ఉదయగిరిలో సన్మానం చేశారు. "అక్కడే నిలబడి కళ్లారా చూసినట్టు రాసినావు సామీ" అని రామనారాయణ మాస్టారు మైకులో మెచ్చుకుంటుంటే, ముందు వరసలో కూర్చున్న శిల్ప మొగుణ్ణి చూసి మురిసిపోయింది. పాపం, ఆ మురిపెం ఆత్మకూరు దాకా కూడా నిలవలేదు.

ఏఎస్ పేట దర్గాకు వెళ్లే ఆటో ఒకటి వచ్చింది. లోపలివాళ్లు రాఘవను చూశారు. ఒకామె గబుక్కున ఒళ్లో పిల్ల కళ్లు మూసింది. ఆటో ఆగలేదు.

ఎదురుగా నిలబడ్డ మనిషిని ఇలా దాటేసి పోతారా ఎవరైనా? నుదురు తడుముకుంటే చేతికి నెత్తురంటింది. బండి మీదనుంచి ఎగిరి తను ఎక్కడ పడ్డాడో గుర్తు లేదు. ఎలా లేచాడో గుర్తు లేదు. అసలు లేచానా అన్న అనుమానం వచ్చింది.

తర్వాత వచ్చిన మోటార్ సైకిల్ ఆగింది. నడుపుతున్నతను కాలు కింద ఆనించాడు. వెనక అతని తల్లి కాబోలు, సంచి పట్టుకుని కూర్చుంది.

"ఏమైందన్నా?"

రాఘవకు ఏడుపొచ్చింది. దేవుడే ఆగినట్టుంది. "కింద మా ఆవిడ ఉండాది. ఒక్కసారి రా నాయనా."

వెనకామె కెవ్వుమంది. "పోనీరా సాయీ! అదే మాట! అచ్చం అదే మాట అంటుండాడు! పోనీ!"

అతని మొహం పాలిపోయింది. బండి ముందుకు దూకింది. ఆమె కాలి చెప్పు జారి రోడ్డు మీద పడింది.

అప్పుడు అర్థమైంది రాఘవకు. ఉన్నచోటే కూలబడ్డాడు. ఆ ఒంటి చెప్పును చూస్తూ ఉండిపోయాడు. భయం వేసింది. ఇంకెవర్నో చూసి కాదు, తనను చూసి తనకే.

మలుపు అవతల హారన్ మోగింది. ఆత్మకూరు బస్సు. లేచి రోడ్డుకు అడ్డంగా పరిగెత్తాడు.

"నేను మనిషిని! బతికే ఉండాను! ఆపండి సామీ!"

బస్సు నెమ్మదించింది. అద్దం వెనక డ్రైవర్ కనిపించాడు. ఒక చెయ్యి స్టీరింగ్ మీద, ఒక చెయ్యి మెడలో తాయెత్తు మీద. లోపలినుంచి ఎవరో అరిచారు.

"ఆపబాక గోవిందయ్యా! పిల్లా జెల్లా ఉండారు!"

బస్సు రోడ్డు అంచుకు దిగి, అతణ్ణి తప్పించుకుని పోయింది. పోతూ పోతూ కిటికీలోంచి ఎవరో విసిరిన నిమ్మకాయ అతని రొమ్ముకు తగిలింది. గట్టిగానే తగిలింది.

రాఘవ జారుతూ గట్టు దిగాడు. శాలువా పూర్తిగా తడిసిపోయింది. శిల్ప చెయ్యి అందుకున్నాడు. అతని నెత్తుటి మొహంలోకి ఆమె అతికష్టం మీద చూసింది.

"ఎందుకండీ... ఒక్కరూ ఆపడం లేదు?"

రాఘవ తడిసిన కట్టును ఇంకా బిగించాడు.

ఈ మలుపులో నెత్తుటి మొహంతో ఒక దయ్యం నిలబడి, "కింద మా ఆవిడ ఉండాది, ఒక్కసారి రా నాయనా" అని బండ్లు ఆపుతుందనీ, ఆ పిలుపు విని దిగినవాడు తిరిగి రాడనీ, పేజీకి సరుకు దొరక్క ఇంట్లో కూర్చుని కల్పించి, పోయిన ఆదివారం రాసినవాడు రాఘవే.