చివరి అంకె

"పాత ఫోన్ అమ్ముతానన్నది మీరేనా బాబూ?"

పటమటలోని తన ఇంటి తలుపు కిరీటి తీసేసరికి గుమ్మంలో ఓ పెద్దావిడ. మెడలో సిలువ గొలుసు, కళ్లకి నల్లద్దాలు, చేతిలో గుడ్డసంచి.

"సందు చివర రిపేరు షాపాయన మీ ఇల్లు చూపించాడండి. నా పేరు తెరేసమ్మ. మాది మైలవరం. కళ్లు చూపించుకుందామని వచ్చాను."

కిరీటికి ప్రాణం లేచొచ్చింది. సొరుగులో పడున్న శనిని వదిలించుకునే రోజు వచ్చిందన్నమాట.

కంపెనీవాళ్ల సిస్టమ్ పీకేసి, ఎవరికివారు మార్చుకోగల లినక్స్ మీద నడిచే సిస్టమ్ ఎక్కించిన ఫోన్ వాడాలని కిరీటికి మోజు. దానికి అన్ని ఫోన్లూ పనికిరావు. కంపెనీ లోపల వేసిన తాళం తీయగలిగిన ఫోనే కావాలి. ఎంచి ఎంచి ఒక మోడల్ కొన్నాడు. తీరా కొన్నాక తెలిసింది, ఆ పేరుతోనే రెండు రకాలున్నాయని. వెనకాల రాసుండే నంబరు చివర ఏడు ఉంటే తాళం ఊడొస్తుంది. మూడు ఉంటే చచ్చినా రాదు. మనవాడికి తగిలింది మూడు. తనని తాను తిట్టుకుని, ఏడున్నది వెతికి మరీ తెచ్చుకున్నాడు.

ఇప్పుడు ఆ ఏడు అతని జేబులో ఉంది. అన్నీ బాగున్నాయి గానీ, కాల్ వస్తే అవతలివాళ్ల మాట వినపడదు. ఆ మోడల్‌కి లినక్స్ ఎక్కించిన పుణ్యాత్ముడు అదీ బాగుచేస్తానని ఆన్‌లైన్ గ్రూపులో మాటిచ్చాడు. గ్రూపులో అతని పేరు పిచ్చుక. అసలు పేరేమిటో, ఊరేదో ఎవరికీ తెలియదు. కిరీటికి మాత్రం అతను దేవుడే.

"ఫోన్ మీకేనాండీ?"

"మావాడికి బాబూ. బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. జేబులో ఫోనూ నుజ్జయింది. ఈ పేరుదే కావాలని ఒకటే గొడవ."

కిరీటి సొరుగులోంచి ఫోన్ తెచ్చి ఆవిడ చేతికిచ్చాడు.

ఆవిడ దాన్ని తిప్పి, అద్దాలు ఎత్తి చూసి, మళ్లీ దించేసింది.

"కళ్లల్లో మందేశారు బాబూ, ఏమీ ఆనట్లేదు. వెనకాల నంబరు చివర ఏడు ఉంటేనే తీసుకోమన్నాడు. కాస్త చదివి పెడతారా?"

కిరీటి గతుక్కుమన్నాడు.

ఈ తేడా తెలిసిందంటే ఎవడో తనలాంటి మోజుగాడే. కుదరకపోతే మామూలు ఫోన్‌లా వాడుకుంటాడు, కొంపలేం మునగవు. తను పడ్డ గోతిలో ఇంకొకడు పడితే తప్పేముంది?

"ఏడేనండీ," అన్నాడు.

"చల్లగా ఉండు నాయనా."

డబ్బులిచ్చి, వెళ్తూ వెళ్తూ సంచిలోంచి నాలుగు మామిడిపళ్లు తీసి బల్ల మీద పెట్టింది. "మా దొడ్లోవే. తినండి."

ఆ పళ్లు కిరీటికి సయించలేదు. చివరికి పనిమనిషికి ఇచ్చేశాడు. రిపేరు షాపు ముందు నుంచి వెళ్లడం మానేసి చుట్టూ తిరిగి వెళ్లసాగాడు. ఇలా అబద్ధమాడానేమిటని ఒకటికి పదిసార్లు తిట్టుకున్నాడు గానీ, మైలవరం దాకా వెళ్లి నిజం చెప్పిరాలేదు.

నెల దాటాక ఓ ఆదివారం సాయంత్రం గ్రూపువాళ్లంతా ఆన్‌లైన్‌లో కలిశారు. ఎప్పుడూ రాతలతోనే సరిపెట్టే పిచ్చుక మొదటిసారి మాట్లాడాడు. కుర్ర గొంతు.

"క్షమించండి. కాల్స్ సంగతి ఇక నావల్ల కాదండీ. ఈ మోడల్‌ని వదిలేస్తున్నాను."

"అదేంటండీ?" అన్నాడు ఎవరో. "అయిపోవచ్చిందన్నారుగా."

"ఈ నెలంతా ఇంట్లోనే ఉన్నాను, పూర్తిచేద్దామనుకున్నా. నా ఫోన్ పగిలిపోయింది. ఇంకోటి తెప్పించుకుంటే అది మూడు. దాని తాళం ఎలాగైనా తీద్దామని కుస్తీ పట్టేసరికే రోజులన్నీ అయిపోయాయి. రేపు దూరం ఊళ్లో డ్యూటీలో చేరాలి. ఇక తీరిక దొరకదు."

కిరీటికి తన సొరుగులోంచి తీసిచ్చిన ఫోన్ గుర్తొచ్చింది. లోకంలో మూడున్న ఫోన్ అదొక్కటేనా, ఎన్ని లేవు, అని సర్దిచెప్పుకోబోయాడు.

"ఎవడండీ ఆ దొంగవెధవ, మీకు మూడు అంటగట్టింది?" అన్నాడు గ్రూపులో ఇంకొకడు.

పిచ్చుక జవాబు చెప్పేలోపే, అతని వెనక నుంచి అమాయకంగా ఓ ఆడగొంతు వినిపించింది.

"పటమటలో ఆ బాబునేం అననీకురా అంతోనీ, పాపం నా కోసం అంకె చదివిపెట్టాడు, మూడంటే ఏడని విన్నది నేనే అయ్యుంటాను."