పదో గుడ్డ

"పద్నాలుగు కాదు సార్, నాలుగు! నాలుగు కిలోల రెండు వందలు," అంది టైలరమ్మ.

మత్తుమందు సిరంజి పట్టుకున్న, వయసు మళ్లిన డాక్టరుగారి చెయ్యి గాల్లోనే ఆగింది. బల్ల మీద చిన్న కుక్క ఏమీ తెలియనట్టు ఆయన మణికట్టు నాకుతోంది. మూల కుర్చీలో కూర్చున్న కళ్లజోడాయన ఫైలులో ఏదో రాసుకున్నాడు.

"నాలుగా?"

"నేనే తూచాను సార్. బోర్డు మీద కూడా రాశాను."

డాక్టరుగారు బోర్డు వంక కాసేపు చూసి, సిరంజి పక్కన పడేసి, మందు మళ్లీ కొలిచి తీసుకున్నాడు. టైలరమ్మకి లోపల్లోపల చిన్న సంబరం. మొదటి గండం గట్టెక్కింది!

ఇరవై ఏళ్లు ఊళ్లోవాళ్లకి బట్టలు కుట్టిన మనిషి. రెడీమేడ్ల ధాటికి కొట్టు మూతపడ్డాక, నలభై ఏళ్ల వయసులో పశువుల ఆసుపత్రిలో అసిస్టెంటు శిక్షణకి చేరింది. రాత పరీక్ష సునాయాసంగా దాటింది. ప్రాక్టికల్స్ దగ్గరే రెండుసార్లు బోల్తా పడింది. మొదటిసారి చేతులు వణికాయి. రెండోసారి, పరీక్షాధికారి కావాలనే తప్పు మందు తీస్తే, పెద్దాయన కదా అని నోరు మెదపలేదు. 'అసిస్టెంటుకి నోరుండాలి' అని కాగితం మీద రాసి మరీ ఫెయిలు చేశాడు. మూడోసారి తప్పితే ఇక శిక్షణే లేదు, ఇంటికి పొమ్మంటారు.

మూడో ప్రాక్టికల్ పరీక్షకి ఈ వారంలో ఏ రోజైనా చెప్పాపెట్టకుండా వస్తామని ఉత్తరం వచ్చింది. "నాన్న మీద అరిచినట్టు అరువమ్మా, కళ్లు మూసుకుని పాసు చేస్తారు," అంది కూతురు.

ఇవాళ పొద్దున్నే కళ్లజోడాయన దిగాడు. డాక్టరుగారు ఆమెను పక్కకి పిలిచి, గొంతు తగ్గించి, "ఆయన అంతా చూస్తాడు. నేను ఏ పొరపాటు చేసినా మొహమాటపడకు. గట్టిగా చెప్పు," అన్నాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. పాపం, నా పరీక్షకి ఈయనకెంత కంగారో అనుకుంది టైలరమ్మ.

కుక్క మత్తులోకి జారుకుంది. అది మింగింది సాక్సు. తలుపు అద్దంలోంచి దాని యజమాని, బస్సు డ్రైవరు, కళ్లు తుడుచుకుంటూ చూస్తున్నాడు. "మా ఇంట్లో నా మాట వినేది ఇదొక్కటేనమ్మా," అన్నాడు లోపలికి పంపిస్తూ.

డాక్టరుగారు పొట్ట కోసి సాక్సు బయటికి తీశాడు. పేగుకి కుట్లు వేశాడు. ఆ కుట్టు చూసి టైలరమ్మ మనసులోనే దండం పెట్టింది.

"కత్తెర," అన్నాడు.

"మీ చేతిలోనే ఉంది సార్."

ఆయన చేతిలోకి చూసుకున్నాడు. కళ్లజోడాయన కలం మళ్లీ కదిలింది. ఇంత సహజంగా నటించడం ఎక్కడ నేర్చాడో మహానుభావుడు, అనుకుంది టైలరమ్మ.

"ఇక మూసేద్దాం. దారం ఇవ్వు."

నెత్తురు అద్దిన గాజుగుడ్డలని పళ్లెంలో పరిచి లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

"పది గుడ్డలు ఇచ్చాను సార్. తొమ్మిదే వచ్చాయి."

"పదీ వచ్చాయి. నేను లెక్కపెట్టాను. దారం!"

"తొమ్మిదే సార్. ఒకటి లోపలే ఉండిపోయింది."

"దాని ఊపిరి చూశావా? ఇంకాసేపు ఇలాగే ఉంచితే ప్రాణం పోతుంది. దారం ఇవ్వమంటున్నానా!"

నిజంగానే కుక్క ఊపిరి పలచబడుతోంది. బయట డ్రైవరు అద్దానికి నుదురు ఆనించాడు. టైలరమ్మ పళ్లెం వైపు ఇంకోసారి చూసింది. లెక్క తప్పింది తనే అయితే? ఈ పంతానికి కుక్క చచ్చిపోతే? దారం పాకెట్టు గట్టిగా గుప్పిట్లో బిగించింది.

"ఇవ్వను సార్."

"నిన్నగాక మొన్న వచ్చి నాకు నేర్పుతావా?"

ఎనిమిది నెలల్లో ఆయన ఎన్నడూ ఇలా కసరలేదు. నటనే అయినా మరీ ఇంతలా అరవాలా? ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. అయినా తగ్గలేదు.

"ఇరవై ఏళ్లు గుడ్డముక్కలు లెక్కపెట్టుకునే బతికాను సార్! తొమ్మిదంటే తొమ్మిదే. చెయ్యి పెట్టి చూడండి!"

కళ్లజోడాయన లేచి నిలబడ్డాడు. డాక్టరుగారు ఆయన్ని చూశాడు, ఆమెని చూశాడు. తల వంచి, పొట్టలోకి వేళ్లు పెట్టి వెతికాడు. పేగుల కిందినుంచి ఎర్రగా తడిసిన పదో గుడ్డ బయటికి వచ్చింది. దాన్ని తొమ్మిదింటి పక్కన పెట్టాడు.

"ఇప్పుడివ్వమ్మా దారం," అన్నాడు మెల్లగా.

గంట తర్వాత కుక్క కళ్లు తెరిచింది. డ్రైవరు దాన్ని కావిలించుకుని, "ఇంక జన్మలో సాక్సులు వేసుకోను," అని ఏడుస్తూనే నవ్వాడు. డాక్టరుగారు చేతులు కడుక్కుని వచ్చి, టైలరమ్మ తల మీద చెయ్యి పెట్టి, "మంచి పని చేశావు తల్లీ. ఎప్పుడూ ఇలాగే ఉండు," అని తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

టైలరమ్మకి ఇక ఆగడం చేతకాలేదు. ఫైలు సర్దుకుంటున్న కళ్లజోడాయన ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"తప్పులన్నీ పట్టుకున్నాను కదా సార్! ఒక్కటీ వదల్లేదు. ఈసారి పాసైనట్టేనా?"

ఆయన కళ్లజోడు తీసి, మూసి ఉన్న తలుపు వైపు ఒకసారి చూశాడు.

"ఇవాళ పరీక్ష మీకు కాదమ్మా, డాక్టరుగారికి."