పిట్ట దగ్గు

"ఎట్లన్నా దీన్ని బతికించమ్మా" అంటూ గురువమ్మ పంజరాన్ని బల్లమీద పెట్టింది. "మూడు దినాలుగా ఒకటే దగ్గు, నేను కన్ను మూయలే."

రాబర్ట్‌సన్‌పేటలోని ఆ చిన్న పశువైద్యశాలలోకి ఉదయం తొమ్మిదైనా ఎండ చొరబడలేదు. కొడుకు శివరాజ్ నిద్ర చాలని కళ్లతో గోడకు ఆనుకున్నాడు.

"పిట్టకి ఆస్పత్రి ఏంటికే అంటే వినదు డాక్టరమ్మా. పోతే ఇంగోటి తెస్తానంటిని."

"నీకు జొరమొచ్చినప్పుడు నేను ఇంగోన్ని తెచ్చుకుంటినా?"

డాక్టర్ చంద్రిక నవ్వాపుకుని, చిలకజాతి కాకటీల్ పిట్టను గుప్పిట్లోకి తీసుకుంది. కళ్లు తేటగా ఉన్నాయి. ముక్కు పొడిగా ఉంది. రొమ్ము నిండుగా ఉంది.

"చలికి ఏం చేసినారు?"

"బల్బు పెట్టినా. గోరువెచ్చని నీళ్లు పెట్టినా. సాంబ్రాణి పొగ ఏసినా."

"పొగ వద్దు, పక్షులకు అది విషం. బల్బు ఒక పక్కనే పెట్టండి, వేడెక్కువైతే పిట్టే పక్కకు జరుగుతుంది. పంజరం యాడ ఉంటుంది?"

"ముందర గదిలో. వీడు రాత్రి వాచ్‌మన్ డ్యూటీ చేసొచ్చి ఆడే పండుకుంటాడు. పగలు నేను పూలంగడిలో ఉంటా." గురువమ్మ గొంతు తగ్గించింది. "పాపం నాదేనమ్మా. వెచ్చగా ఉంటాదని వీళ్ల నాయన కంబళి కప్పినా. ఆయప్ప గనిలో రాయి తొలిచినోడు, దుమ్ము రోగం. ఆ రోగం కంబళిలో మిగిలిండాది. పిట్టకి అంటుకునింది."

"ఆ రోగం కంబళిలో ఉండదమ్మా. అంటుకోదు కూడా. ఏండ్ల తరబడి రాతిదుమ్ము పీల్చినోళ్లకే వస్తుంది."

అంతలో పిట్ట దగ్గింది. లోతునుంచి తెరలు తెరలుగా వచ్చిన ఆ దగ్గు, చివర మనిషి నిట్టూర్పులా తెగింది.

"ఇన్యావా? అచ్చం ఆయప్ప దగ్గే!"

డాక్టర్ పిట్టను పంజరంలోకి వదిలింది. "మనలాగా దగ్గే ఏర్పాటు పక్షుల ఒంట్లోనే లేదమ్మా. ఇది ఇన్నది అప్పజెప్తా ఉండాది, అంతే. దీనికి ఏ రోగమూ లేదు. ముందు మీ ఇంటాయన్ని పెద్దాసుపత్రికి తీసకపోండి."

గురువమ్మ ముఖం విప్పారి, మరుక్షణమే ముడుచుకుంది.

"ఆయప్ప పోయి ఏడేండ్లాయె తల్లీ. పిట్టను తెచ్చింది మొన్న దసరాకి."

ఇద్దరూ గోడవైపు చూశారు. శివరాజ్ మెడనరాలు ఉబ్బి ఉన్నాయి. పెదవులు బిగబట్టి, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా, నేలను చూస్తున్నాడు.

"శివా" అంది గురువమ్మ, "రాళ్ల క్రషర్ పని ఇడిసినానని నా నెత్తిమింద చెయ్యి పెట్టి చెప్తివి కదరా?"