నత్త తాత కడిగిన సీసాలు

ఆగండాగండి, పేజీ తిప్పేయకండి. ముందిది వినండి.

ల్యాబ్‌లో సింకు దగ్గర గొడవ.

"పొద్దుట్నుంచి ఏడు సీసాలేనా? నత్త నయం!" అంది రీసెర్చ్ అమ్మాయి.

సీసాలు కడిగే ముసలాయన తలెత్తలేదు. ల్యాబంతా ఆయన్ని నత్త తాత అనే పిలుస్తుంది.

"యాసిడ్‌తో ఇంకోసారి కడగాలమ్మా. లోపల రవ్వంత మరకున్నా మీ నలుసులు ముద్దకడతాయి."

"అంట్లు తోమేవాడివి, నువ్వు నాకు కెమిస్ట్రీ చెప్తావా?"

ఆమె తయారుచేసే నలుసులు కంటికి ఆనవు. బతికున్న కణంలోకి దూరి, అక్కడ హాని చేసే అణువు తగిలితే చాలు, పచ్చగా వెలుగుతాయి.

శుక్రవారం కమిటీ ముందు వెలగాలి. వెలగలేదో, ప్రాజెక్టు మూత. మూడేళ్ళ కష్టం మట్టికొట్టుకుపోయినట్టే.

తాత కడిగిన సీసాకి తేదీ చీటీ అంటించాడు. ఏడు అంకె నడుముకి అడ్డగీత.

"అబ్బో, ఏడుకి బెల్టు కూడానా!" చీటీ పీకి పారేసిందామె. "ఈ నలుసుల ఫార్ములా కనిపెట్టినాయన ఎదురైతే కాళ్ళకి దణ్ణం పెడతా. దాని విలువ నీకేం తెలుస్తుందిలే!"

తాత నవ్వాడు. అంతే.

మర్నాడే ప్రొఫెసర్‌కి చెప్పి ఆయన్ని మాన్పించేసింది.

కడగడానికి మెషీన్ వచ్చింది. గంటకి నలభై సీసాలు! తళతళ!

గురువారం కొత్త నలుసులు చేసి, కణాల్లో వేసి, మైక్రోస్కోపులో చూసింది.

నలుపు.

మళ్ళీ చేసింది. మళ్ళీ నలుపే. సీసా అడుగున నలుసులన్నీ గడ్డకట్టి కూర్చున్నాయి.

"సార్, టైపు చేసిన ఫార్ములాలో ఏదో పోయింది. అసలు నోట్‌బుక్ ఇవ్వండి."

ప్రొఫెసర్ బీరువాలోంచి తీసి బల్ల మీదికి విసిరాడు.

"మొదటి నాలుగు పేజీలూ టైపు చేయించలేదు. సీసాలు కడగడం గురించేగా! ఎవడిక్కావాలి?"

"రాసిందెవరు సార్?"

"నాకు ముందున్న ప్రొఫెసర్ దగ్గర హెల్పరెవరోలే. వాడి పేరెవడు గుర్తుపెట్టుకుంటాడు?"

ఆమె మొదటి పేజీ తెరిచింది. నిండా తేదీలు, కొలతలు, అంకెలు.

ప్రతి ఏడుకీ బెల్టుంది.

కమిటీ రేపే. తాత ఇల్లు రెండు వీధుల అవతలే. చెప్పండి, మీరైతే ఏ మొహం పెట్టుకుని ఆ తలుపు కొడతారు?