ఇంటిబండి వెనకాల మనిషి

వంతెన కొట్టుకుపోయిన వరద తర్వాత రెండో ఏడు అది. సరిహద్దులో యుద్ధం సాగుతోంది.

"డ్రైవరన్నా! ఒక్క మాట!"

సభ మధ్యలో ఒకతను లేచి అరిచాడు. పాత కోటు, మాసిన గడ్డం.

మైకు పట్టుకున్న పెద్దమనిషి వెంటనే అందుకున్నాడు.

"చూశారా! మన సైనికుల వెన్ను విరిచేవాడు మన మధ్యనే ఉన్నాడు!"

జనం ఈలలు వేశారు. డ్రైవరే దిగి వెళ్లి కోటు మనిషిని కాలరు పట్టి బయటికి నెట్టాడు.

సైనికులకు మద్దతుగా ఊరూరా సభలు పెట్టే బండి అది. బస్సులోనే రెండు మంచాలు, పొయ్యి, నీళ్ల తొట్టి. ఇంటిబండి అనేవారు. దాని యజమాని ఆ పెద్దమనిషే. మాట్లాడ్డం మొదలెడితే ఆపడు కాబట్టి ఆయన్ని మైకు సారు అనేవారు.

ప్రతి సభ చివరా డ్రైవరు బండి మెట్టు మీద నిలబడి ఒకే మాట చెప్పాలి.

"మా అబ్బాయి ముందు వరసలో ఉన్నాడు."

అంతే. చప్పట్లు ఆగేవి కావు. ఆడవాళ్లు కళ్లు ఒత్తుకునేవారు.

అతన్ని పనిలో పెట్టుకున్ననాడే మైకు సారు పూచీ పడ్డాడు.

"తిరిగే బండికి చిరునామా ఏముంటుందయ్యా! నీ కొడుకు ఉత్తరాలు నా పేరు మీద రప్పిస్తా. ఏ ఊళ్లో ఉన్నా పోస్టాఫీసుకెళ్లి నేనే తెస్తా."

తెచ్చేవాడు కూడా. నాలుగు నెలలుగా మాత్రం ఏమీ రాలేదు.

తల్లి లేని పిల్లాణ్ని తనే తల్లయి పెంచుకున్నాడు డ్రైవరు. ఆ పిల్లాడి కబురు తప్ప అతనికి ఇంకేమీ అక్కర్లేదు.

ఆ రోజు సభ అయ్యాక అడిగాడు.

"ఎవరు సారూ వాడు?"

"యుద్ధం వద్దనే బాపతు. తండ్రుల దగ్గర చేరి, నీ కొడుక్కి దెబ్బ తగిలింది, ఆస్పత్రిలో నిన్నే కలవరిస్తున్నాడు అంటారు. మనసు విరిచేస్తారు. చెవిన పెట్టకు."

రెండో ఊళ్లో డ్రైవరు రేడియేటర్లో నీళ్లు పోస్తుంటే కోటు మనిషి మళ్లీ వచ్చాడు.

"అన్నా, మీ వాడికి దెబ్బ తగిలింది. ఆస్పత్రిలో నిన్నే కలవరిస్తున్నాడు."

సారు చెప్పిన మాటే. పొల్లు పోలేదు.

డ్రైవరు చేతిలో డబ్బా విసిరాడు. కోటు మనిషి నుదురు చిట్లింది.

"ఇంకో రెండు కొట్టన్నా. కొట్టి, నాతో రా."

"నా కొడుకు ఊసెత్తితే నాలుక చీరేస్తా. ఫో!"

మూడో ఊళ్లో వాన. బండి కదిలాక అద్దంలో చూస్తే కోటు మనిషి చెయ్యెత్తి వెనకాల పరిగెత్తుకొస్తున్నాడు.

డ్రైవరు వేగం పెంచాడు.

అద్దంలో మనిషి వేలంతయ్యాడు. తర్వాత లేడు.

నాలుగో ఊళ్లో మైకు పలకలేదు. ఫ్యూజు పోయింది. మైకు సారు గడ్డం గీయించుకోవడానికి వెళ్లాడు. కొత్త ఫ్యూజు కోసం డ్రైవరు ఆయన పెట్టె తెరిచాడు.

ఫ్యూజుల కింద మూడు ఉత్తరాలున్నాయి. మూడూ ఆస్పత్రి నుంచి డ్రైవరుకి వచ్చినవే. మూడిటి కవర్లూ చించి ఉన్నాయి.

కూడబలుక్కుని చదివాడు. మొదటి రెంటిలోనూ ఒకటే మాట. కడుపులో దెబ్బ, నాన్న కావాలంటున్నాడు, వెంటనే రండి. మూడోదాంట్లో, మనిషిని పంపుతున్నాం, అతనితో బయలుదేరండి అని ఉంది.

మైకు సారు నున్నటి బుగ్గలు తడుముకుంటూ వచ్చాడు.

"ఇవేంటి సారూ?"

"ఓ, అవా! ఇద్దామనే ఉంచానయ్యా."

"ఎప్పుడిద్దామని?"

"ఇంకో ఆరు సభలేగా! నువ్వు వెళ్లిపోతే మెట్టు మీద ఎవడు నిలబడతాడు? ఒక్కడి కోసం చూసుకుంటే దేశం ఏమైపోవాలి?"

"మావాడు ఆ దేశం వాడు కాదా సారూ?"

మైకు సారు ఉత్తరాల కోసం చెయ్యి చాచాడు.

డ్రైవరు తాళంచెవి ఆయన చేతిలో పెట్టి నడిచాడు.

రెండు బస్సులు మారి మర్నాడు సాయంత్రానికి ఆస్పత్రి చేరాడు. కొడుకు పేరు చెప్పగానే నర్సు కుర్చీ జరిపింది.

"మొన్న పోయాడు బాబాయ్."

డ్రైవరు కూర్చోలేదు.

"ఒంటరిగానే పోయాడా తల్లీ?"

"లేదు. నిన్ను పిలవడానికొచ్చిన కోటాయన ఆ పొద్దునే తడిసి ముద్దయి తిరిగొచ్చాడు. అప్పటికే మీవాడికి చూపు ఆనడం లేదు. నాన్న వచ్చాడా అన్నాడు. కోటాయన చెయ్యి పట్టుకుని, వచ్చాను నాన్నా అన్నాడు. నువ్వే అనుకుని పోయాడు బాబాయ్."

డ్రైవరు తన చేతులు చూసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే కోటు మనిషి కాళ్లు పట్టుకుందామని, అతను ఉండే గది వెతుక్కుంటూ ఆస్పత్రి వెనక్కి వెళ్లాడు. చాప చుట్టి గోడకి ఆనించి ఉంది. మనిషి లేడు.

డ్యూటీ దిగి వెళ్తున్న నర్సు ఆగింది.

"ఇప్పుడే బయలుదేరాడు బాబాయ్. ఇంకో కుర్రాడి తండ్రిని వెతికి తేవడానికి."

"ఆయన ఇక్కడ ఏం పని చేస్తాడమ్మా?"

"ఏ పనీ లేదు. నిరుడు ఆయన కొడుకూ ఈ వార్డులోనే పోయాడు. మేం రాసిన ఉత్తరాలు ఒక్కటీ ఆయనకి అందలేదు. వచ్చేసరికి అంతా అయిపోయింది. ఇక ఇంటికి పోలేదు."

"ఎందుకు అందలేదు?"

నర్సు అతని కళ్లలోకి చూడలేకపోయింది.

"నీకంటే ముందు ఆ ఇంటిబండి నడిపింది ఆయనే బాబాయ్."